పైన పొలం మనది, కింద చమురు ఎవరిది?

పక్క చేలో లోతుగా బోరు దింపితే మన బావి ఎండిపోతుంది. నీరు గట్టు చూసి ఆగదు. ఈ సంగతి పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర లేదు. చమురు, గ్యాసు సంగతీ అంతే. వాటికీ సర్వే నెంబర్లు తెలియవు. మరి ఒకరి పొలంలో దింపిన బావి పదిమంది పొలాల కింది చమురును తోడేస్తే ఆ పదిమందికీ వాటా ఉండాలా, వద్దా? అమెరికాలో ఈ ప్రశ్న మీద చట్టాలే పుట్టాయి. గోదావరి డెల్టాలో మాత్రం ఈ ప్రశ్నకు ఇంకా సరైన జవాబు లేదు. అందుకే అక్కడి పద్ధతి, అందులోని మంచీ చెడూ మన రైతులు కూడా తెలుసుకోవాలి.

అమెరికాలో ప్రైవేటు భూముల కింద ఉన్న చమురు ప్రైవేటు ఆస్తి. ఆ హక్కును భూమి నుంచి విడదీసి అమ్ముకోవచ్చు, పిల్లలకు రాసివ్వవచ్చు. పైన పొలం ఒకరిది, కింది ఖనిజం మరొకరిది కావటం అక్కడ మామూలే. మొదట్లో అక్కడి కోర్టులు తోడుకున్నవాడిదే చమురు అన్నాయి. దాంతో అందరూ గట్ల పక్కనే బావులు దింపి పోటీపడి తోడారు. పొరలో ఒత్తిడి పడిపోయి చాలా చమురు అడుగునే మిగిలిపోయింది. డబ్బున్నవాడు ముందుగా తోడుకున్నాడు, లేనివాడు చూస్తూ కూర్చున్నాడు.

ఈ అరాచకానికి అడ్డుకట్టగా వచ్చిందే డ్రిల్లింగ్ యూనిట్. ఓక్లహోమా రాష్ట్రం 1935 నుంచే బావుల మధ్య దూరాన్ని చట్టంతో కట్టడి చేసింది. ఇన్ని ఎకరాలు కలిపి ఒక యూనిట్ అని అక్కడి కార్పొరేషన్ కమిషన్ నిర్ణయిస్తుంది. బావి ఎవరి నేలలో ఉన్నా సరే, యూనిట్‌లోని ఖనిజ యజమానులందరికీ ఎకరాల లెక్కన వాటా వస్తుంది. బావికి దూరంగా ఉన్న చిన్న రైతుకు ఇది రక్ష. సూత్రం న్యాయమైనదే.

చిక్కు అడ్డబావులతో వచ్చింది. నిలువు బావి ఒక్కచోటే దిగుతుంది. అడ్డబావి అలా కాదు. మైలు రెండు మైళ్ల లోతుకు దిగి, అక్కడ వంపు తిరిగి, రాతిపొర వెంట మరో మైలో రెండు మైళ్లో సాగుతుంది. దాంతో యూనిట్లూ పెద్దవయ్యాయి. ఓక్లహోమాలో అడ్డబావికి 640 ఎకరాలు, అంటే చదరపు మైలు, మామూలు కొలత. నార్త్ డకోటాలోని బాకెన్ ప్రాంతంలో 1280 ఎకరాల యూనిట్లు సర్వసాధారణం. ఒక యూనిట్ దాటి పక్క యూనిట్‌లోకి బావి పొడిగించటానికి ఓక్లహోమా 2011లో షేల్ రాతిపొరలకు అనుమతి ఇచ్చింది. 2017లో ఆ అనుమతిని ఇతర పొరలకూ విస్తరించింది. అలాంటి బావిలో ఏ యూనిట్‌లో ఎంత పొడవు సాగిందో కొలిచి రాబడిని పంచుతారు.

లెక్క చూద్దాం. పది ఎకరాల ఖనిజ హక్కు ఉన్న రైతు ఎనిమిదో వంతు రాయల్టీకి ఒప్పుకున్నాడనుకుందాం. బావి మీద లక్ష రూపాయల చమురు అమ్ముడైతే, 640 ఎకరాల యూనిట్‌లో అతనికి దక్కేది సుమారు 195 రూపాయలు. యూనిట్ 1280 ఎకరాలైతే దాదాపు 98 రూపాయలే. పొడవాటి బావి ఎక్కువ చమురు ఇస్తుంది కనుక నష్టం లేదని కంపెనీలు అంటాయి. కొంతవరకు నిజమే. కానీ ఆ పెద్ద యూనిట్‌లో ఎన్ని బావులు దింపుతారు, ఎప్పుడు దింపుతారు అన్నదాన్ని బట్టే ఆ మాట నిలుస్తుంది. ఒక్క బావి దింపి ఊరుకుంటే, దాని రాబడి సాగినంత కాలం యూనిట్‌లోని కౌలు ఒప్పందాలన్నీ కంపెనీ చేతిలోనే ఉండిపోవచ్చు. రైతు మరొకరికి ఇచ్చుకోలేడు. అందుకే తెలివైన యజమానులు యూనిట్ బయటి భూమి తిరిగి తమకు రావాలని, వాడని పొరల మీద హక్కు వదలాలని ఒప్పందంలో ముందే రాయించుకుంటారు.

ఒప్పుకోని రైతు సంగతి ఏమిటి? అతన్నీ యూనిట్‌లో కలిపేస్తూ కమిషన్ ఉత్తర్వు ఇవ్వగలదు. అయితే అంతకు ముందు నోటీసు ఇవ్వాలి, విచారణ జరపాలి. ఉత్తర్వు వచ్చాక కూడా ఖర్చులో పాలుపంచుకుని లాభంలో వాటా తీసుకుంటావా, లేక రొక్కం, రాయల్టీ తీసుకుంటావా అని అడుగుతారు. ఓక్లహోమాలో సాధారణంగా దీనికి 20 రోజుల గడువు. గడువులోగా మాట్లాడకపోతే ఉత్తర్వులో రాసి ఉన్న దానితోనే సరిపెట్టుకోవాలి. కాగితం చదవనివాడు, ఊరు విడిచి వెళ్లినవాడు నష్టపోయేది ఇక్కడే. చట్టం అందరికీ ఒకటే అయినా, లాయరును పెట్టుకోగలిగినవాడికి అందినంతగా పదెకరాల ఆసామికి అందదు.

ఇన్ని లోపాలున్నా, అక్కడి రైతుకు నోటీసు ఉంది, విచారణ ఉంది, వాటా ఉంది. ఇక్కడ ఏముంది?

1970 దశకం చివర నుంచి గోదావరి డెల్టాలో చమురు, గ్యాసు కోసం బావులు దింపుతున్నారు. మన దేశంలో చమురు తీసే అనుమతి 1948 నాటి చమురు క్షేత్రాల చట్టం కింద ప్రభుత్వమే ఇస్తుంది. భూగర్భ సంపద మామూలుగా భూమి యజమానికే చెందుతుందని 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయితే అది కేరళలోని మలబారు భూములకు సంబంధించిన కేసు. చమురు విషయంలో రైతుకు దానివల్ల వాటా రాలేదు. అతనికి ముట్టేది పైన తీసుకున్న నేలకు సొమ్ము, పాడైన పంటకు పరిహారం. పైపులైను వేస్తే 1962 చట్టం ప్రకారం భూమి విలువలో పదో వంతు చేతిలో పెడతారు. ఆ తరువాత ఆ పట్టీ మీద ఇల్లు కట్టరాదు, చెట్టు నాటరాదు.

రాబడిలో వాటా లేదు గాని, ముప్పులో మాత్రం పూర్తి వాటా ఉంది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు పైపు పేలి 20 మందికి పైగా బలయ్యారు. ఆ మంటల్లో మాడినవారికి రాయల్టీ అన్న మాటే తెలియదు.

బొగ్గు, ఇనుము తవ్వే ప్రాంతాలకు 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. లీజుదారు రాయల్టీకి తోడు పది నుంచి 30 శాతం ఆ నిధికి కట్టాలి. కానీ గనుల చట్టం చమురును ఖనిజాల లెక్కలోంచి తప్పించింది. అందువల్ల చమురు పల్లెలకు ఆ నిధి లేదు. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్ర ఖజానాకు చేరుతుంది, బావి పక్క ఊరికి నేరుగా రాదు. పైగా 2020 జనవరిలో కేంద్రం అన్వేషణ బావులను ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేని కోవలో చేర్చింది. వాటా సరే, మాట కూడా పోయింది.

అమెరికా చట్టాన్ని ఇక్కడికి ఎత్తుకు రమ్మని ఎవరూ కోరటం లేదు. అక్కడి హక్కుల చరిత్ర వేరు, మన చరిత్ర వేరు. భూమి లేని కూలీకి ఆ పద్ధతిలో ఒక్క పైసా రాదు. మనకు కావలసింది ఊరంతటికీ దక్కే వాటా. చమురు పల్లెలకూ ఖనిజ నిధి వర్తించేలా కేంద్రం చట్టం చేయాలి. బావి భూగర్భంలో ఏయే సర్వే నెంబర్ల కింద సాగుతుందో చూపే పటాన్ని తెలుగులో పంచాయతీ ఆఫీసులో ఉంచాలి. బావి దింపే ముందు గ్రామసభ జరిపి రైతుల, కూలీల అభ్యంతరాలు రాసుకుని జవాబు చెప్పాలి. నేల కౌలును ధరలకు తగినట్టు ఎప్పటికప్పుడు పెంచాలి.

రైతులూ ఊరుకోరాదు. సంతకం పెట్టే ముందు కాగితం చదివించుకోవాలి, నకలు తీసుకోవాలి, గడువు ఎంతో అడగాలి. ఒక్కొక్కరుగా వెళితే ఒక్కొక్క ధర చెబుతారు, ఊరంతా కలిసి వెళితే ఒకే ధర చెప్పక తప్పదు. అడగందే అమ్మయినా పెట్టదు. ప్రజా ప్రతినిధులు ఈ డిమాండును శాసనసభలో, పార్లమెంటులో గట్టిగా వినిపించాలి.