పొగలో పులుపు కూడా కొలవాలి

భవానీపురం మీదుగా హైదరాబాద్ రోడ్డెక్కితే లారీల పొగ ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు డీజిల్ బండికి పొగ నలుపు, పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. అంతే. చీమ కుడితే మండించే ఫార్మిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం కూడా ఆ పొగలో ఉంటాయి. వాటి ఊసే లేదు.

కొలవటం బ్రహ్మవిద్యేం కాదు. పొగని నీళ్లలోకి బుడగలుగా పంపితే ఆమ్లాలు నీళ్లలో కలుస్తాయి, ఎంత కలిసిందో ల్యాబులో అయాన్ క్రోమటోగ్రఫీతో తేలుస్తారు.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్. మన మొక్కజొన్న, నూకలతో కూడా చేస్తున్నారు, గిరాకీ పెరిగితే నాకూ సంతోషమే. కానీ ఇథనాల్ సరిగ్గా కాలకపోతే ఎసిటాల్డిహైడ్, ఎసిటిక్ ఆమ్లం వస్తాయి. పాత బళ్లన్నీ మన ఊళ్లలోనే కదండీ ఉన్నాయి! ప్రతి బండికీ అక్కర్లేదు, అలాంటి పాతవి నాలుగు తీసుకెళ్లి పరీక్షించి, ఆ లెక్క తెలుగులో బంకుల దగ్గర బోర్డు కట్టమని అడుగుదాం.