తాళం తీస్తేనే ప్రయోగశాల

రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50 వేల అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఏర్పాటు చేస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. పిల్లలు తమ చేతులతో చేసి, చూసి, ఆలోచించి నేర్చుకోవాలన్నది ఈ పథకం ఉద్దేశం. సంతోషించదగిన మాటే. అయితే దానికి కొద్ది రోజుల ముందు వెలువడిన అసర్ 2024 నివేదికను కూడా పక్కన పెట్టుకుని చదవాలి. గ్రామీణ ప్రాంతాల్లో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 30.7 శాతమే. 2022లో ఇది 25.6 శాతం. కొంత మెరుగే. అయినా పదిమందిలో దాదాపు ఏడుగురికి ఇంకా భాగహారం రాదు. ఆదివారం ఆరాధనలో మన ముందు చాపల మీద కూర్చునే పిల్లలూ వారిలో ఉన్నారు.

కాబట్టి ల్యాబ్ వస్తుందా అన్నది ఒక ప్రశ్న. వచ్చాక పిల్లవాడి చెయ్యి దాన్ని తాకుతుందా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. మీటరు పొడవు దారానికి రాయి కట్టి ఊపితే, అది ఇరవైసార్లు పోయి రావడానికి సుమారు 40 సెకన్లు పడుతుంది. ఇంకా బరువైన రాయి కట్టినా దాదాపు అంతే. ఇప్పుడు దారాన్ని పావు మీటరుకు తగ్గించండి. పావు వంతే కాబట్టి పది సెకన్లు చాలని పిల్లలంటారు. గడియారం 20 చూపిస్తుంది. ‘ఎందుకు?’ అన్న ప్రశ్న అక్కడ దానంతట అదే పుడుతుంది. ఇదంతా ఉపాధ్యాయుడొక్కడే బల్ల మీద చేసి చూపిస్తే పిల్లలు చప్పట్లు కొట్టి మరచిపోతారు. తామే ఊపి, తామే లెక్కపెట్టి, ఒకరికి 39, ఇంకొకరికి 42 వస్తే, తేడా ఎక్కడ వచ్చిందో వాదించుకుంటారు. ఆ వాదనలోనే విజ్ఞానశాస్త్రమూ గణితమూ రెండూ ఉన్నాయి.

ఈ మార్గాన్ని మన దేశం ఎప్పుడో నడిచి చూసింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలైంది. మొదలుపెట్టినవి కిశోర్ భారతి సంస్థ, క్వేకర్ క్రైస్తవులు రసూలియాలో నెలకొల్పిన ఫ్రెండ్స్ రూరల్ సెంటర్. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచీ టాటా పరిశోధన సంస్థ నుంచీ శాస్త్రవేత్తలు వచ్చి పల్లె ఉపాధ్యాయులతో కలిసి పనిచేశారు. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది. పాఠ్యపుస్తకం జవాబులు చెప్పదు. ప్రయోగం చేయించి ప్రశ్నలు అడుగుతుంది. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. ప్రయోగాలకు వేరే పరీక్ష. అక్కడికి వెళ్లిన ఇంజనీరు అరవింద్ గుప్తా సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి ఆకారాలు చేయించారు. చతురస్రాన్ని నొక్కితే ఒరిగిపోతుంది, త్రిభుజం కదలదు. పైకప్పు దూలాలను త్రిభుజాలుగా ఎందుకు బిగిస్తారో పిల్లల వేళ్లకే తెలిసిపోతుంది.

సుమారు వెయ్యి పాఠశాలలకు చేరిన ఈ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపివేసింది. ఆరు నుంచి ఎనిమిది వరకు చేతులతో నేర్చుకున్న పిల్లలు తొమ్మిదిలో మళ్లీ పాత పద్ధతిలోకి వెళ్లవలసి వచ్చేది. విమర్శకులు పదో తరగతి ఫలితాలు చూపించి ఈ పద్ధతినే తప్పుపట్టారు. ముప్పై ఏళ్ల శ్రమ నుంచి మనం గ్రహించవలసినది ఇదే: పరీక్ష ఏది అడిగితే బడి అదే నేర్పుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బిట్లు బట్టీ పట్టించే పోటీ సాగినంతకాలం, ఎన్ని ల్యాబ్‌లు ఇచ్చినా పరికరాలు బీరువాలోనే ఉంటాయి. యాభైమంది ఉన్న తరగతిలో సిలబస్ పూర్తి చేయాలని తొందరపడే ఉపాధ్యాయుణ్ని మేము నిందించం. ఆయనకు సమయమూ శిక్షణా ఇవ్వవలసింది ప్రభుత్వమే.

ప్రయోగాలుంటే ఎక్కాలు అక్కర్లేదనేవారితోనూ మేము ఏకీభవించం. పన్నెండు చింతగింజలు ముగ్గురికి పంచిన పిల్లవాడికి భాగహారమంటే ఏమిటో అర్థమవుతుంది. తప్పు లేకుండా చేయడం మాత్రం రోజూ నాలుగు లెక్కలు చేస్తేనే వస్తుంది. అభ్యాసం కూసు విద్య అని పెద్దలు ఊరకే అనలేదు.

ఇందులో సంఘం చేయగలిగినదీ ఉంది. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర ప్రాంగణమున్న అగస్త్య ఫౌండేషన్ ప్రయోగ సామగ్రిని వాహనాల్లో పల్లె బడులకు తీసుకెళుతోంది. మనకు వాహనం లేకపోవచ్చు గాని మనుషులున్నారు. పునాది గీసేటప్పుడు మూల సరిగ్గా వచ్చిందో లేదో తాపీమేస్త్రీ 3, 4, 5 అడుగుల కొలతలతో తేలుస్తాడు. అది పైథాగరస్ సిద్ధాంతమే. దర్జీ టేపులో భిన్నాలున్నాయి. రిటైరైన ఉపాధ్యాయులు ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరు ఉంటారు. శనివారం సాయంత్రం రెండు గంటలు వీరి ముందు పిల్లలను కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మన మిషన్ బడుల కమిటీ సభ్యులు కూడా ఈసారి సమావేశానికి ముందు ఒకసారి ల్యాబ్ గదిలోకి వెళ్లి బల్లల మీద దుమ్ముందో లేదో చూసి రావాలి.

పిల్లలు ప్రశ్నలడిగితే విశ్వాసం సడలుతుందని కొందరు భయపడతారు. దేవుని సృష్టిని శ్రద్ధగా కొలిచి చూసే పిల్లవాడు ఆయనకు దూరమవుతాడని మేము అనుకోవడం లేదు.

ప్రియ పాఠకులారా, మన మందిరాలకు వారంలో చాలా రోజులు తాళమే వేసి ఉంటుంది. ఈ వారం ఒక్క సాయంత్రం ఆ తాళం తీయండి. ఒక దారం, ఒక రాయి, ఒక గడియారం చాలు. లెక్కపెట్టే పని మాత్రం పిల్లలకే వదలండి.