ఏ గడియారాన్ని నమ్మాలి?

ఇంట్లో మూడు గడియారాలుంటే మూడూ మూడు మాటలు చెప్పడం మనకు కొత్త కాదు. దానివల్ల మునిగిపోయేదీ లేదు. మహా అయితే ఒక బస్సు తప్పుతుంది. కాని ఒక పెద్ద కర్మాగారంలో గడియారాలు ఇలా తగువులాడుకుంటే ఏమవుతుంది?

కడప జిల్లాలో ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం సంగతే చూడండి. 1994లో 210 మెగావాట్ల తొలి యూనిట్‌తో మొదలై నేడు 1650 మెగావాట్లకు పెరిగింది. ఇటువంటి కేంద్రాలలో బాయిలరు, టర్బైను, జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నడిచేవే. ఒకటి ఆగితే తక్కినవి ఆత్మరక్షణకోసం వరుసగా ఆగిపోతాయి. అంతా కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. అప్పుడు ఇంజనీర్ల ముందు నిలిచే ప్రశ్న ఒక్కటే: ముందు ఆగినది ఏది? అది తేలితేనే గాని మరమ్మతు ఎక్కడ చేయాలో తెలియదు గదా!

మన కరెంటు సెకండుకు 50 సార్లు ఊగుతుంది. ఒక్క ఊపుకు పట్టే కాలం 20 మిల్లీసెకండ్లు, అంటే సెకండులో యాభయ్యోవంతు. కనుక యంత్రాలు జరిగిన ప్రతిదాన్నీ మిల్లీసెకండుతో సహా చిట్టాలో వ్రాసుకుంటాయి. వాటిలో ఒకదాని గడియారం అర సెకండు వెనుకబడి ఉన్నదనుకోండి. అది తరువాత ఆగినా, ముందే ఆగినట్టు చిట్టాకెక్కుతుంది. నిరపరాధి మీద నేరం పడుతుంది. అసలు దోషి మళ్ళీ పనిలోకి వస్తాడు.

దీనికి విరుగుడే మాస్టర్ క్లాక్. కప్పుమీది యాంటెన్నా సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల అణు గడియారాలనుంచి వేళను అందుకుంటుంది. లోపలి పెద్ద గడియారం దానిని తీగలగుండా యంత్రాలన్నింటికీ పంచుతుంది. ఉపగ్రహం మాట కాసేపు వినపడకపోయినా, తన స్ఫటికం బలంమీద నెట్టుకొస్తుంది.

2003 ఆగస్టు 14న ఉత్తర అమెరికాలో సుమారు అయిదు కోట్లమంది చీకటిలో పడ్డారు. ఏది ముందు, ఏది వెనుక అని తేల్చడానికి విచారణసంఘం నానా అవస్థా పడింది. కారణం, చాలా యంత్రాల గడియారాలు ఒక్క మాటమీద లేకపోవడమే. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతం చీకటైనప్పుడు మన కర్నూలు, కడపల దీపాలకు ఆ దెబ్బ తగలలేదు. అప్పటికి దక్షిణాది గ్రిడ్ వేరుగా ఊగేది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో అదీ ఉత్తరాదితో ఒకటైంది. ఇక అక్కడి తొట్రుపాటు ఇక్కడా తగులుతుంది. ముద్దనూరు గడియారం ముద్దనూరుకు సరిపోతే చాలదు, దేశమంతటితోనూ సరిపోవాలి.

సూర్యుణ్ణి నమ్మితే కర్నూలు మధ్యాహ్నం కడప మధ్యాహ్నం కంటె సుమారు మూడు నిమిషాలు ఆలస్యం! అందుకే 1906లో దేశానికంతటికీ ఒకే వేళ పెట్టారు. మన పెద్దలు చిల్లుగిన్నెను నీళ్ళలో వదలి, అది మునిగే లెక్కన గడియలు కొలిచేవారు. గడియ అంటే 24 నిమిషాలు. గడియారమన్న మాట అందులోంచి పుట్టినదే. ఆ గిన్నె మిల్లీసెకండ్లు ఎరగదు. అయినా పెళ్ళి లగ్నానికి తగువు రాకపోవడానికి కారణం, పందిట్లో ఉన్నవారంతా ఆ ఒక్క గిన్నెనే నమ్మడం. మాస్టర్ క్లాక్ చేసే పనీ అదే.

అయితే ఆ గిన్నె పరాయివారి చేతిలో ఉంటే ఎలా? మన తొలి దిక్సూచి ఉపగ్రహాలలో విదేశాలనుంచి తెచ్చిన అణు గడియారాలు కొన్ని చెడిపోయాయి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి లేచిన ఎన్.వి.ఎస్.–01 మనవారే చేసిన అణు గడియారాన్ని మోసుకుపోయింది. రాత్రిపూట బోరుమోటారు వేసుకొని మడిలో నిలబడే మన సీమ రైతుకు ఇదేదో ఆకాశంలోని ముచ్చటగా తోచవచ్చు. కాని ఆగిన కరెంటు ఎంత త్వరగా తిరిగివస్తుందన్నది కొంత దానిమీద కూడా ఆధారపడి ఉన్నది.