పెట్రోలా, హైబ్రిడ్డా? ముందు మీ దారి చెప్పండి

ఈ మధ్య మా టీములో ఎవరు కారు కొంటానన్నా ఇదే గోల.. పెట్రోలా, హైబ్రిడ్డా? ఎవరికి వారు మైలేజీ అంకె ఒకటి పట్టుకుని వాదిస్తారు. నన్నడిగితే, రోజూ ఏ దారిన వెళ్తారో ముందు చెప్పమంటాను.

మాది ఎర్రగడ్డ (పేరు వినగానే నవ్వేవాళ్ళకి: అవును, ఆసుపత్రి దగ్గరే, కాకపోతే గోడకి ఇవతల :)). ఆఫీసు వేళలో ఇక్కణ్ణుంచి బోరబండ మీదుగా హైటెక్ సిటీకి వెళ్తే కారు నడిచేది తక్కువ, ఆగేది ఎక్కువ. బ్రేకు తొక్కిన ప్రతిసారీ పెట్రోలు పోసి తెచ్చుకున్న వేగమంతా వేడై పోతుంది. హైబ్రిడ్ గెలిచేది సరిగ్గా ఇక్కడే. 2022లో వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్‌నే చూడండి. నెమ్మదిగా పోతున్నప్పుడు చక్రాలు తిప్పేది మోటారు. ఇంజను జనరేటరుని తిప్పుతుంది, లేదా ఆగిపోతుంది. బ్రేకు వేస్తే కొంత శక్తి బ్యాటరీలోకి తిరిగొస్తుంది. హైవే మీద మాత్రం ఇంజనే నేరుగా చక్రాలు తిప్పుతుంది. కాబట్టి విజయవాడ ప్రయాణంలో రెండిటికీ తేడా బాగా తగ్గిపోతుంది.

అన్నట్టు, హైబ్రిడ్ అని రాసున్నవన్నీ ఇలాంటివి కావు. మారుతి సియాజ్‌లో వచ్చిన ఎస్‌హెచ్‌వీఎస్‌లో మోటారు ఇంజనుకి చెయ్యందిస్తుందంతే, ఒంటరిగా బండిని లాగలేదు.

ఇక డబ్బులు. అప్పట్లో కంపెనీ చెప్పిన మైలేజీ పెట్రోలు ఆటోమేటిక్‌కి 18.4, హైబ్రిడ్‌కి 26.5. మన ట్రాఫిక్కులో 11, 20 అనుకుందాం. లీటరు 110 రూపాయలు, ఏడాదికి 12 వేల కిలోమీటర్లు వేసుకుంటే మిగిలేది 54 వేలు. ఆన్ రోడ్ తేడా నాలుగు లక్షలనుకున్నా, అది రాబట్టడానికి ఏడేళ్ళ పైమాటే! లోను వడ్డీ దీన్లో కలపలేదు. 20 వేల కిలోమీటర్లు తిరిగేవాళ్ళకైతే నాలుగున్నరేళ్ళలో వచ్చేస్తుంది.

ఇంకోటుంది, మైలేజీ చార్టుల్లో కనపడదు. డిక్కీ పెట్రోలు సిటీలో 506 లీటర్లు, హైబ్రిడ్లో 306. సంక్రాంతికి ఊరెళ్ళి బియ్యం మూటా, ఆవకాయ జాడీలూ లేకుండా తిరిగొచ్చే ఇల్లు నాకైతే తెలీదు.

నాకు ఒళ్ళు మండేది టాక్సు దగ్గర. లైఫ్ టాక్సు కారు ధరలో శాతం కదా, ఖరీదైన హైబ్రిడ్‌కి ఇంకా ఎక్కువ పడుతుంది. తక్కువ పెట్రోలు తాగే బండికి ఎక్కువ పన్నన్నమాట! 2024 నవంబరులో తెలంగాణ ఎలక్ట్రిక్ బళ్ళకి రోడ్ టాక్సు మాఫీ చేసింది గానీ హైబ్రిడ్లని వదిలేసింది. అదే ఏడు జులైలో ఉత్తరప్రదేశ్ స్ట్రాంగ్ హైబ్రిడ్లకి మాఫీ ఇచ్చింది. అపార్టుమెంటు సెల్లారులో చార్జింగు పాయింటు పెట్టనివ్వని అసోసియేషన్లు ఎన్ని లేవు? అలాంటివాళ్ళకి సగం దారైనా హైబ్రిడ్డే. పూర్తి మాఫీ అక్కర్లేదు, పెట్రోలు కారుకి పడేంతే వేసినా పై లెక్కలో ఏడాది దాకా తగ్గుతుంది.

నాకు ఆఫీసు వారానికి మూడ్రోజులే. ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే రాయదుర్గం. అందుకే పెట్రోలుదే బుక్ చేశా. నిజాంపేట నుంచి కోకాపేటకి రోజూ కార్లో వచ్చే మా కొలీగుకి మాత్రం హైబ్రిడ్డే తీసుకోమన్నా. ఈఎంఐ చూసి వాళ్ళావిడ ఏమన్నారో ఇంకా అడగలేదు.