పట్టికలో ఫొటో పట్టేనా?

కిందటేడు నా పాత విద్యార్థి ఒకడు తన డిగ్రీ సర్టిఫికెట్టు నకలు కోసం ఒక ఆఫీసుకి వెళ్ళాడు. అసలు కాయితం యింట్లోకి వరదనీళ్ళొచ్చినప్పుడు పాడైపోయింది. వుద్యోగంలో చేరడానికి గడువు పదిరోజులే. ఆ ఆఫీసులో సర్టిఫికెట్లన్నీ ఎప్పుడో స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించారు గదా, నిమిషంలో అయ్యే పని అనుకుని నేనూ తోడు వెళ్ళాను. గుమాస్తాగారు నంబరు కొట్టారు. పేరొచ్చింది, తండ్రి పేరొచ్చింది, పాసైన సంవత్సరం వచ్చింది. కాయితం బొమ్మ మీద నొక్కితే మాత్రం "ఫైలు కనబడలేదు" అని వచ్చింది.

"రికార్డుందండీ, ఫైలే లేదు" అన్నారాయన.

తర్వాత విచారిస్తే తేలిందేమిటంటే, పాత మిషన్ మార్చినప్పుడు డేటాబేసుని జాగ్రత్తగా కొత్తదానిలోకి దించారు. స్కాన్లు మాత్రం వేరే ఫోల్డర్లో, పాత డిస్కు మీదే వుండిపోయాయి. పట్టికలో వున్నది ఆ ఫోల్డరుకి దారి చెప్పే అడ్రసు మాత్రమే. యిల్లు లేదు, అడ్రసుంది!

మిత్రులారా, యీ తప్పులో నాకూ వాటా వుంది. "బొమ్మల్ని డేటాబేసులో పెట్టకండి, బయట పెట్టి అడ్రసు మాత్రం పట్టికలో రాయండి" అని ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసినవాణ్ణి నేను. యిప్పుడా పాఠంలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

పట్టిక బరువెక్కి నెమ్మదిస్తుందన్నది మా పాత వాదం. అది సగమే నిజం. పోస్ట్‌గ్రెస్ సంగతి చూడండి. అది మామూలుగా 8 కిలోబైట్ల పేజీల్లో రాసుకుంటుంది, ఒక వరస ఒక పేజీని దాటకూడదు. మరి 2 మెగాబైట్ల సర్టిఫికెట్టు ఎలా పడుతుంది? 2001లో వచ్చిన 7.1 నాటినుంచి అందులో టోస్ట్ అనే ఏర్పాటుంది. వరస సుమారు 2 కిలోబైట్లు దాటితే పెద్ద విలువని ముందు కుదించి చూస్తుంది. అప్పటికీ పట్టకపోతే ముక్కలుగా కోసి పక్కన వేరే పట్టికలో దాచి, అసలు వరసలో చిన్న గుర్తు మాత్రం వుంచుతుంది. అంటే పేర్ల జాబితా వెతికేటప్పుడు బొమ్మల జోలికే పోదన్నమాట. అవసరం వున్నా లేకున్నా అన్ని గడులూ తెమ్మని అడిగితే మాత్రం బరువు తప్పదు. ఆ తప్పు పట్టికది కాదు, అడిగినవాడిది.

అలాగని సినిమాలు కూడా అందులో కుక్కమని నేననను. ఒక విలువకి 1 గిగాబైటు హద్దుంది. హద్దులోపలే అయినా, అంత పెద్ద విలువని అడిగితే మొత్తం మెమరీలోకి తెచ్చుకోవాలి. మైఎస్‌క్యూఎల్‌లో యింకో తిరకాసు. బ్లాబ్ అన్న పేరు చూసి ఎంతైనా పడుతుందనుకుంటాం. పట్టేది 65,535 బైట్లు. అంతకుమించితే వెనకటి సడలింపు పద్ధతిలో మిగతాది కోసేసి, ఒక హెచ్చరిక పడేసి వూరుకునేది. 2015లో వచ్చిన 5.7 నుంచి మామూలు అమరికలోనే తీసుకోనని చెప్పేస్తోంది. మధ్యరకానికి, పెద్దరకానికి వేరే పేర్లున్నాయి. అవి చూసి ఎంచుకోవాలి.

వేగం లెక్క కూడా చూద్దాం. 2006లో రస్సెల్ సియర్స్, కాథరీన్ వాన్ ఇంగెన్, జిమ్ గ్రే ముగ్గురూ కలిసి ఎస్‌క్యూఎల్ సర్వర్‌నీ, విండోస్ ఫైలు పద్ధతినీ పక్కపక్కన పెట్టి కొలిచారు. 256 కిలోబైట్లకి లోపైతే డేటాబేసు మేలు, 1 మెగాబైటు దాటితే ఫైలు మేలు, నడుమనున్నవి ఎంత తరచుగా మారతాయన్నదాన్ని బట్టి అని తేల్చారు. అవి ఆనాటి డిస్కుల మీద తేలిన అంకెలు, శిలాశాసనం కాదు. కానీ చిన్నవాటి విషయంలో కారణం తేలికగానే అర్థమవుతుంది. పదివేల చిన్న ఫైళ్ళంటే పదివేలసార్లు తలుపు తీయడం, మూయడం. డేటాబేసుకి ఒక్కసారి తీస్తే చాలు.

ఆ లెక్కన మా వాడి 2 మెగాబైట్ల సర్టిఫికెట్టు బయటే వుండాలి. యిక్కడే నేను విభేదిస్తాను. సర్టిఫికెట్టుని ఎన్నాళ్ళకోసారి తీస్తాం? ఏ అయిదేళ్ళకో ఒకసారి. దానికి కావలసింది వేగం కాదు, భద్రత. వరసా బొమ్మా ఒకే పెట్టెలో వుంటే, పెట్టె మోసేవాడు ఒకటి మరిచిపోలేడు. చేరిస్తే రెండూ చేరతాయి, తీసేస్తే రెండూ పోతాయి. ప్రత్యేకంగా ఒక మనిషి లేని ఆఫీసుల్లో యిది చిన్న సంగతి కాదు.

"యాభైవేల సర్టిఫికెట్లంటే 100 గిగాబైట్లండీ, రోజూ బ్యాకప్ తీయడం ఎవరి తరం?" అని అడగొచ్చు. సబబైన ప్రశ్నే. రోజూ మొత్తం తీయనక్కర్లేదు. వారానికోసారి మొత్తం తీసి, మధ్యలో మార్పుల చిట్టా మాత్రం దాచుకునే వీలుంది. పాత సర్టిఫికెట్లు మారవు గదా.

వీడియోలూ, వందల పేజీల సిద్ధాంత గ్రంథాల స్కాన్లూ అయితే బయటే పెట్టండి, కాదనను. కానీ అడ్రసొక్కటే రాసి చేతులు దులుపుకోకండి. ఫైలెన్ని బైట్లో, దాని వేలిముద్రలాంటి షా-256 సంఖ్య ఏమిటో పట్టికలో రాయండి. చేర్చేటప్పుడు ముందు ఫైలు, తర్వాత వరస. తీసేటప్పుడు ముందు వరస, కొన్నాళ్ళాగి ఫైలు. బ్యాకప్‌కి ముందు డేటాబేసు, వెంటనే ఫైళ్ళు. యీ వరస తప్పకపోతే మహా అయితే దిక్కులేని ఫైళ్ళు కొన్ని మిగులుతాయి గానీ, ఫైలు లేని రికార్డు మిగలదు. వారానికోసారి రెంటినీ సరిచూసే చిన్న ప్రోగ్రాం పెట్టండి. ఏడాదికోసారైనా బ్యాకప్ నుంచి ఒక సర్టిఫికెట్టు తిరిగి తీసి చూడండి. తీసి చూడని బ్యాకప్పుని నమ్ముకోకండి సుమా!

మావాడి కథ ఏమైందంటారా? పాత డిస్కు ఒక బీరువా అడుగున, చెదపట్టిన రిజిస్టర్ల కింద దొరికింది. అదృష్టం, పనిచేసింది. అప్పటికి గడువు దాటి పన్నెండు రోజులైంది. ఆ వుద్యోగం యింకొకరికి పోయింది.

యీ ఏడు ప్రాజెక్టులు చేయబోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు ఏ ఆస్పత్రికో, ఏ రిజిస్ట్రారు ఆఫీసుకో ప్రోగ్రాం రాసేది మీరే. ఏది వేగం అని అడగండి, తప్పులేదు. దానికంటే ముందు, మిషన్ మార్చే రోజున మీరక్కడ లేకపోతే బొమ్మ రికార్డు వెంట వెళ్తుందా అని ఒక్కసారి అడగండి.