పన్ను పీకించుకునే ముందు

పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి అని మనకొక సామెత ఉన్నది. నష్టం ఎలాగూ తప్పనప్పుడు సాధనం ఏదైతేనేమన్న నిర్వేదం అందులో ధ్వనిస్తుంది. ఇప్పటి దంతవైద్యశాలల ప్రకటనలు చూస్తూంటే ఆ నిర్వేదం కాస్తా ఉత్సాహంగా మారిందేమోనని అనుమానం కలుగుతున్నది. పోతే పోనీ, అంతకంటె గట్టి పన్ను పెట్టించుకుందామన్న ధోరణి చదువుకున్నవారిలోనే ఎక్కువగా కనిపిస్తున్నది. ఇంప్లాంట్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది లేని పంటికి ప్రత్యామ్నాయమే గాని ఉన్న పంటికి కాదని చెప్పడమే నా ఉద్దేశం.

ముందుగా దాని గొప్పతనం ఒప్పుకోవాలి. 1952లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే శాస్త్రజ్ఞుడు, ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరాలు అమర్చాడు. పని ముగిశాక తీయబోతే అవి ఊడి రాలేదు. ఎముక ఆ లోహాన్ని పరాయి వస్తువుగా వెలివేయక, తనతో గట్టిగా అతికించుకున్నది. 1965లో ఆయన, పుట్టుకతోనే దవడ లోపమున్న ఒక రోగికి టైటానియం మరలు బిగించి వాటిమీద పళ్లు నిలిపాడు. ఆ రోగి నలభై ఏళ్లకు పైగా, జీవితాంతం వాటితోనే నమిలాడు. అయినా 1982లో టొరంటోలో జరిగిన సదస్సు తరువాత గాని ఈ పద్ధతికి విస్తృతమైన ఆమోదం లభించలేదు.

బ్రిడ్జి కట్టాలంటే పక్కనున్న ఆరోగ్యకరమైన పళ్లను అరగదీయాలి. ఇంప్లాంట్‌కు ఆ అవసరం లేదు. పన్ను పోయినచోట దవడ ఎముక క్రమంగా కరిగిపోతుంది. ఇంప్లాంట్ ఆ కరుగుదలను చాలావరకు నిలవరిస్తుంది. ఇవన్నీ నిజాలే. చిక్కంతా ‘శాశ్వతమైన పళ్లు’ అనే మాటతోనే వస్తున్నది.

సహజమైన పన్ను ఎముకలో మేకులాగా దిగబడి ఉండదు. పంటివేరుకూ ఎముకకూ నడుమ సన్నని నారపొర ఒకటి ఉంటుంది. నమిలేటప్పుడు కలిగే ఒత్తిడిని అది మెత్తగా స్వీకరిస్తుంది. అన్నంలో చిన్న రాయి తగిలితే తక్షణం దవడ ఆగిపోతున్నదంటే అది ఆ పొరలోని నాడుల చలవే. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. అది ఎముకకే నేరుగా అతుక్కుంటుంది కనుక అంతటి స్పర్శజ్ఞానం దానికి రాదు. అది పిప్పిపట్టదన్న మాట వాస్తవమే. కాని దాని చుట్టూ పాచి పేరుకుంటే చిగురు వాచి, కిందనున్న ఎముక తరిగిపోతుంది. పెద్దగా నొప్పి లేకుండానే ఇదంతా జరిగిపోవచ్చు. పొగతాగేవారికీ, మధుమేహం అదుపులో లేనివారికీ ఈ ప్రమాదం అధికం. చిగుళ్లవ్యాధితో పళ్లు పోగొట్టుకున్నవారికి ఇంప్లాంట్ చుట్టూ అదే బాధ తిరిగివచ్చే అవకాశం ఇతరులకంటె ఎక్కువ. పంటిని కాపాడుకోలేకపోయిన అలవాట్లు మారకపోతే మరను మాత్రం ఎలా కాపాడగలవు?

పాడైన పంటిని పట్టుకు వేలాడితే చీము చేరి ఎముక మరింత చెడుతుందని వైద్యులు అంటారు. అదీ నిజమే, తీసివేయక తప్పని పళ్లు ఉంటాయి. కాని రూట్ కెనాల్ చేసి తొడుగు వేస్తే ఇంకా ఎన్నో ఏళ్లు నిలిచే పంటిని కూడ ‘ఎందుకండీ ఈ తంటా’ అని తీయించుకోవడం వివేకం కాదు. పీకించుకునే ముందు వైద్యుని మూడు ప్రశ్నలు అడగాలి. ఈ పన్ను నిలబెట్టడానికి మార్గం ఉన్నదా? ఇంప్లాంట్‌ను మోయడానికి నా ఎముక, నా ఒంటి స్థితి సరిపోతాయా? బిగించాక ఏటా దాన్ని పరీక్షించి శుభ్రపరిచేది ఎవరు? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట నోరు తెరవకపోవడమే మేలు.

ఇక రెండో అన్యాయం. ఒక పన్ను పోయినవారికి పదుల వేల రూపాయల ఇంప్లాంట్ దొరుకుతున్నది. పళ్లన్నీ పోయిన ముసలివారికి మాత్రం జారిపోయే కట్టుడు పళ్లే గతి. పైవరుస అంగిలిని పట్టుకుని కొంత నిలుస్తుంది. కిందివరుసకు ఆ ఆధారం లేదు, పైగా నాలుక దాన్ని కదుపుతూనే ఉంటుంది. అందుకే ఎందరో పెద్దవాళ్లు కట్టుడు పళ్లను నీళ్లగ్లాసులో పడేసి, జొన్నరొట్టెను పాలలో నానవేసుకుని, జామకాయవైపు చూడడమే మానేసి బతుకుతున్నారు. దానిని వయోధర్మమని మనం సరిపెట్టుకుంటున్నాం. కింది దవడలో రెండంటే రెండే ఇంప్లాంట్లు వేసి, వాటికి కట్టుడు పళ్లను తగిలిస్తే ఆ జారుడు చాలావరకు తగ్గుతుంది. పళ్లులేని కింది దవడకు మొదటగా ఎంచుకోవలసిన చికిత్స ఇదేనని 2002లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు ప్రకటించారు. ఇన్నేళ్లయినా మన ఊళ్లలో ఈ మధ్యేమార్గం గురించి విన్నవారే తక్కువ.

కారణం ఊహించడం కష్టం కాదు. పంటిని మనం అవయవంగా కాక అలంకారంగా లెక్కగడుతున్నాం. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పంటి చికిత్సకు పైసా ఇవ్వని ఆరోగ్యబీమాలే చాలా ఉన్నాయి. మోకాలు అరిగితే కీలు మార్పించడానికి అప్పు చేసే కుటుంబమే, అమ్మ నమలలేకపోతున్నదంటే ‘మెత్తగా వండిపెట్టండి’ అంటుంది. నమలలేనివారు పప్పుదినుసులు, పచ్చికూరలు, పండ్లు తగ్గించి మెత్తని అన్నంతో కాలక్షేపం చేస్తే ఆ లోటు ఒళ్లంతటికీ తగులుతుంది.

ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో పళ్లులేని వృద్ధులకు కట్టుడు పళ్లూ, అవసరమైనవారికి కింది దవడలో రెండు ఇంప్లాంట్లూ ఉచితంగా అందించాలని మనం గట్టిగా అడగాలి. అందరికీ నోటినిండా ఇంప్లాంట్లు వేయమని ఎవరూ కోరడం లేదు. కోరుతున్నదల్లా ఒక జామకాయను కొరికి తినగలిగే శక్తి. ఇక పళ్లు ఉన్నవారు చేయవలసిన పని ఇంతకంటె చాలా చవక: పూటపూటకూ శుభ్రంగా తోముకోవడం, చిగురు నెత్తురోడిన మొదటి రోజునే వైద్యుని దగ్గరికి వెళ్లడం.