నంబరు లేని ఫిర్యాదు

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేట్ దగ్గర చిక్కుకుపోయిన కూతురి ఫోన్ పలకడం లేదని ఓ కుటుంబం పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తింది. ఆ చోటు తమ హద్దులోకి రాదంటూ అక్కడివారు మరో స్టేషన్‌కు పంపారు. తెల్లవారాక ఆ యువ పశువైద్యురాలి మృతదేహం దొరికింది. కేసు నమోదులో జాప్యం చేశారని ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. హద్దుతో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయదగ్గ జీరో ఎఫ్‌ఐఆర్ పద్ధతి అప్పటికే ఉంది. ఆ రాత్రి అది ఆ తల్లిదండ్రులకు అక్కరకు రాలేదు.

ఆ తర్వాత చాలా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో దిశ యాప్ వచ్చింది. తెలంగాణలో 2014లోనే మొదలైన షీ టీమ్‌లు పనిచేస్తూనే ఉన్నాయి. 112కు ఫోన్ చేస్తే పోలీసు బండి వస్తుంది. సైబర్ మోసానికి 1930 ఉంది. ఇలాంటివి ప్రాణాలు కాపాడుతున్నాయి, కాదనలేం. అయితే ఆపదలో ఆదుకోవడం వేరు, కేసు కట్టడం వేరు. బండి వెళ్లిపోయాక బాధితుడు స్టేషన్ మెట్లు ఎక్కాలి. అక్కడే కథ ఆగిపోతోంది. రైటర్ అర్జీ తీసుకుంటాడు. ‘సారు బందోబస్తుకు వెళ్లారు, రెండ్రోజులాగి రండి’ అంటాడు. రెండ్రోజుల తర్వాత అవతలి వాళ్లనూ పిలిపించి ‘మీలో మీరు సర్దుకోండి’ అని పంచాయితీ పెడతారు. అర్జీకి నంబరు ఉండదు, రసీదు ఉండదు. అది ఇచ్చినట్టు ఆ మనిషి నోటిమాట తప్ప రుజువు లేదు. బండి చోరీ అయినవాడిని బీమా కంపెనీ అడిగేది ఎఫ్‌ఐఆర్. ఎస్పీ కార్యాలయంలో మొదటి ప్రశ్న కూడా ‘కేసు నంబరెంత?’ అనే.

చట్టం ఈ విషయంలో తడబడలేదు. వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ (కాగ్నిజబుల్) నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని లలితా కుమారి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2013 నవంబరులోనే తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ నేరం ఏ హద్దులో జరిగినా సమాచారం తీసుకోవాల్సిందేనని రాసిపెట్టింది. ఫిర్యాదును ఆన్‌లైన్‌లోనూ పంపవచ్చు, మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేస్తే చాలు. నోటితో చెప్పింది రాసుకుని, చదివి వినిపించాలి. ప్రతిని ఫిర్యాదుదారుకో, బాధితులకో వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్ కాదంటే ఎస్పీకి పోస్టులో పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలియజేయడం కూడా ఇప్పుడు పోలీసుల బాధ్యతే.

ఇందులో నన్ను కలవరపెట్టేది ఒక్కటి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు కొత్త చట్టం వీలిచ్చింది. తప్పుడు ఫిర్యాదులను వడకట్టడానికి అది పనికొస్తుంది, నిజమే. కానీ ‘విచారిస్తున్నాం’ అనే మాట చాటున రాజీలు కుదిర్చే అలవాటున్న చోట ఆ 14 రోజులు ఎవరికి బలమిస్తాయో గ్రహించడం కష్టం కాదు. విచారించి కేసు అక్కర్లేదనుకుంటే ఆ నమోదు ప్రతిని కారణాలతో సహా వారంలోగా ఫిర్యాదుదారుకు ఇవ్వాలని లలితా కుమారి తీర్పే చెప్పింది. ఆ కాగితం అందుకున్నవాళ్లు మీకు తెలిసినవారిలో ఎందరున్నారు?

రికార్డుల దగ్గరా ఇదే తీరు. అత్యాచార బాధితుల వివరాలు, పిల్లల పేర్లు, సాక్షుల ఆచూకీ దాచాల్సినవే. కేస్ డైరీ కూడా అందరి చేతికీ ఇచ్చేది కాదు. సున్నితమైనవి మినహా ఎఫ్‌ఐఆర్‌లన్నీ 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మారుమూల చోట్లయితే 72 గంటల దాకా గడువిచ్చింది. కానీ సమాచార హక్కు దరఖాస్తుకు ‘దర్యాప్తులో ఉంది, ఇవ్వలేం’ అనే ఒక్క ముక్కతో చేతులు దులుపుకొంటున్నారు. దర్యాప్తు సాగుతోందనడం ఒక్కటే సాకు కాదని, సమాచారమిస్తే అది ఎలా దెబ్బతింటుందో చూపాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే స్పష్టం చేసింది. ఒకే వాక్యపు తిరస్కరణ వస్తే అక్కడితో ఆగకుండా పై అధికారికి మొదటి అప్పీలు వేయాల్సిందే.

చాలామంది తలవని రికార్డు మరొకటుంది. ప్రతి స్టేషన్‌లో గేటు, రిసెప్షన్ సహా సీసీ కెమెరాలుండాలని, దృశ్యాలను 18 నెలలు, ఆ సదుపాయం దొరక్కపోతే కనీసం ఏడాది భద్రపరచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ‘ఎవరూ రాలేదే’ అని స్టేషన్ అన్నప్పుడు, మీరు అర్జీ పట్టుకుని వెళ్లారనడానికి ఆ దృశ్యమే సాక్ష్యం. ఆలస్యం చేయకుండా, తేదీ, వేళ రాసి, భద్రపరచమని లిఖితపూర్వకంగా కోరాలి.

తప్పంతా స్టేషన్‌దే అనను. కేసులు పెరిగితే ‘నేరాలు పెరిగాయి’ అని ఏటా డిసెంబరులో పతాక శీర్షికలు పెట్టేది పత్రికలవాళ్లమైన మేమే. ఆ లెక్క పెరగకుండా చూసుకోవాలన్న ఒత్తిడి పైనుంచి ఎస్సై దాకా దిగుతుంది. కట్టిన కేసుల సంఖ్యను వైఫల్యంగా చూడటం పత్రికలు, ప్రభుత్వాలు మానుకోవాలి. దానికి బదులు అర్జీలెన్ని వచ్చాయి, వాటిలో ఎన్నింటికి రసీదు ఇచ్చారు, ఎన్ని కేసులయ్యాయి అన్నది ప్రతి నెలా స్టేషన్ బోర్డు మీద రాయించాలి. రెండు రాష్ట్రాల డీజీపీలు ఒక్క సర్క్యులర్‌తో చేయగల పని ఇది.

అప్పటిదాకా అర్జీ రెండు ప్రతులు పట్టుకెళ్లండి. మీ ప్రతి మీద తేదీ, సంతకం, స్టేషన్ ముద్ర వేయించుకునే బయటికి రండి. ఎఫ్‌ఐఆర్ ప్రతికి పైసా కట్టనక్కర్లేదు.